మారే బ్యారెల్ – నిలిచే గురి: రైఫిల్ నిర్మాణంలో మార్పిడి భాగాల చరిత్ర

పరిశోధన సారాంశం:

రైఫిల్ బ్యారెల్‌ను విప్పి తిరిగి బిగించినా, దాని స్థానంలో మరొక బ్యారెల్‌ను అమర్చినా, అంతకుముందు సరిచూసుకొన్న గురి చెదరకుండా ఉండాలన్నది నేటి సునిశిత రైఫిళ్ళ నుంచి ఆశించే గుణం. ఇది 18వ శతాబ్దిలో మొదలైన మార్పిడి భాగాల ఉద్యమానికి సహజమైన కొనసాగింపుగా కనిపిస్తుంది. అయితే ఆనాటి ప్రయోగాలు నిరూపించినది భాగాల ‘పొందిక’ను మాత్రమే. గురి ‘తిరిగి రావడం’ వేరొక సమస్య. అది 20వ శతాబ్ది ఉత్తరార్ధం వరకు పూర్తిగా పరిష్కారం కాలేదు. ఈ రెండింటి మధ్య భేదాన్ని చారిత్రక నిదర్శనాలతో చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: మార్పిడి భాగాలు, గేజ్, బ్యారెల్, జీరో, హెడ్‌స్పేస్, హార్పర్స్ ఫెర్రీ, బ్రెన్ గన్.

1. ఉపోద్ఘాతం

తుపాకిని గురిచూసి పేల్చినంత మాత్రాన గుండు గురిపెట్టిన చోటనే తగలదు. కంటికి ఆధారమైన గురిసాధనం ఒక రేఖను చూపుతుంది. గుండు ప్రయాణించే బ్యారెల్ మరొక రేఖను అనుసరిస్తుంది. ఒక నిర్ణీత దూరంలో ఈ రెండూ కలిసేలా గురిసాధనాన్ని సర్ది నిలిపిన స్థితిని షూటర్లు ‘జీరో’ అంటారు. కాబట్టి జీరో అనేది బ్యారెల్‌కు గాని, టెలిస్కోప్‌కు గాని చెందిన గుణం కాదు. అది ఆ రెండింటి మధ్య ఉండే సంబంధం. బ్యారెల్‌ను విప్పడమంటే ఆ సంబంధాన్ని తెంచడమే. తిరిగి బిగించినప్పుడు అదే సంబంధం ఏర్పడుతుందా అన్నదే ప్రశ్న.

మార్పిడి భాగాల చరిత్ర రాసినవారు ఎక్కువగా కర్మాగారం, యంత్రం, శ్రామికుడు అనే మూడింటి చుట్టూ తమ పరిశీలన సాగించారు. మెరిట్ రో స్మిత్ 1977లో హార్పర్స్ ఫెర్రీ ఆయుధాగారంపై వెలువరించిన గ్రంథం, కెన్ ఆల్డర్ 1997లో ఫ్రెంచి ఆయుధ ఇంజినీర్లపై వెలువరించిన గ్రంథం ఇందుకు ఉదాహరణలు. ప్రస్తుత వ్యాసం అదే చరిత్రను మరొక వైపు నుంచి చూస్తుంది. మార్చిన భాగం ‘అమరింది’ అనడానికీ, ‘మునుపటిలాగే పనిచేసింది’ అనడానికీ మధ్య ఎంత దూరం ఉంది? ఆ దూరాన్ని దాటడానికి ఎందుకింత కాలం పట్టింది?

2. ఆకురాయి నుంచి గేజ్ వరకు

2.1 ఫ్రాన్సులో తొలి ప్రయత్నం

18వ శతాబ్ది వరకు తుపాకి తయారీ చేతిపని. ద్వారబంధానికి తగ్గట్టు తలుపును చిత్రిక పట్టే వడ్రంగిలాగే, తుపాకి పనివాడు ఒక్కొక్క భాగాన్ని దాని పక్క భాగానికి సరిపోయే దాకా ఆకురాయితో అరగదీసేవాడు. ఒక ఇంటి తలుపు పక్కింటి ద్వారబంధానికి పట్టనట్టే, ఒక తుపాకి భాగం మరొక తుపాకికి పట్టేది కాదు. యుద్ధభూమిలో ఒక చిన్న భాగం విరిగినా మొత్తం ఆయుధం నేర్పరి చేతికి చేరవలసిందే.

ఫ్రెంచి ఫిరంగిదళంలో గ్రిబోవల్ 1765లో ప్రవేశపెట్టిన సంస్కరణలు కొలతల్లో ఏకరూపతను కోరాయి. ఆ వాతావరణంలోనే ఓనోరే బ్లాంక్ అనే తుపాకి నిర్మాత ఒకే కొలతలతో తుపాకి లాక్‌లను, అంటే మందును మండించే యంత్రాంగాలను, తయారుచేశాడు. అప్పుడు పారిస్‌లో అమెరికా రాయబారిగా ఉన్న థామస్ జెఫర్సన్ అతని పనితనాన్ని స్వయంగా పరీక్షించాడు. చేతికందిన భాగాలను ఎంచకుండా తీసుకొని లాక్‌లను కూర్చి చూశానని, అవి చక్కగా అమరాయని 1785 ఆగస్టు 30న జాన్ జేకు లేఖ రాశాడు. జెఫర్సన్ ప్రశంస ‘అమరిక’కు సంబంధించినదన్న సంగతి ఇక్కడ గమనార్హం.

2.2 విట్నీ గాథ – హాల్ సాధన

అమెరికాలో ఈ ఆలోచనకు చాలాకాలం ఎలీ విట్నీ పేరే ముడిపడి ఉండేది. 1798లో అతడు 10,000 మస్కెట్ల సరఫరాకు ఒప్పందం కుదుర్చుకొన్నాడు. 1801లో ప్రభుత్వ పెద్దల ఎదుట లాక్‌లను మార్చి అమర్చి చూపాడు. సరఫరా పూర్తయ్యేసరికి 1809 వచ్చింది. రాబర్ట్ వుడ్‌బరీ 1960లో ప్రకటించిన వ్యాసంలో విట్నీ మస్కెట్ల భాగాలు నిజానికి పరస్పరం మార్చుకోదగినవి కావని వాదించి, ఈ గాథను ప్రశ్నించాడు. ప్రదర్శనకూ ఉత్పత్తికీ మధ్య తేడాను చూపిన ఈ విమర్శను నేటి పరిశోధకులు సాధారణంగా అంగీకరిస్తున్నారు.

నిజమైన సాధన జాన్ హాల్‌ది. వెనుక నుంచి మందు కూరే రైఫిల్‌కు 1811లో పేటెంటు పొందిన హాల్, 1819 ఒప్పందం మేరకు వర్జీనియాలోని హార్పర్స్ ఫెర్రీలో దాని తయారీకి పూనుకొన్నాడు. అతడు పాటించిన ఒక సూత్రం తర్వాతి చరిత్రకంతటికీ కీలకం. ఒక భాగంలోని ప్రతి కొలతనూ దాని పక్కనున్న అంచు నుంచి తీసుకొంటే, ఒక్కొక్క చోట జరిగిన చిన్న పొరపాట్లు కలిసి పెద్దవవుతాయి. అందుకని హాల్ ప్రతి భాగంపై ఒకే ఆధార బిందువును నిర్ణయించి, అన్ని కొలతలనూ అక్కడి నుంచే తీశాడు. 1826–27లో నియమితమైన పరిశీలక బృందం అతని రైఫిళ్ళను విడదీసి, భాగాలను కలగాపులగం చేసి తిరిగి కూర్పించి సంతృప్తి చెందింది. 1834 నాటికి కనెక్టికట్‌లో సిమియన్ నార్త్ చేసిన హాల్ రైఫిళ్ళ భాగాలు హార్పర్స్ ఫెర్రీ రైఫిళ్ళకు పట్టాయి. వేర్వేరు రాష్ట్రాల్లోని రెండు కర్మాగారాల మధ్య పొందిక కుదిరింది.

2.3 చేతి నేర్పు చెల్లించిన మూల్యం

ఈ మార్పు ప్రశాంతంగా జరగలేదు. ఆకురాయి పట్టిన చేతికి అంతవరకు ఉన్న తీర్పు చెప్పే అధికారం క్రమంగా గేజ్‌కు బదిలీ అయింది. గేజ్‌లో దూరితే భాగం మంచిది, లేకుంటే చెడ్డది. పనివాడి అనుభవానికి అందులో ప్రమేయం లేదు. దీనితోపాటు గడియారం ప్రకారం పని, కఠిన క్రమశిక్షణ కూడా వచ్చాయి. హార్పర్స్ ఫెర్రీలో కట్టుదిట్టమైన నియమాలు అమలుచేసిన పర్యవేక్షకుడు థామస్ డన్‌ను, పని నుంచి తొలగింపుకు గురైన ఎబెనెజర్ కాక్స్ అనే పనివాడు 1830 జనవరి 29న కాల్చి చంపాడు. కాక్స్‌కు ఉరిశిక్ష పడింది. ఈ హత్యకు గేజ్‌లే కారణమనడం అతిశయోక్తి అవుతుంది. అయితే అతనిపట్ల తోటి పనివారిలో వ్యక్తమైన సానుభూతిని బట్టి, కొత్త పద్ధతి అక్కడి చేతివృత్తి జీవనాన్ని ఎంతగా కలవరపరిచిందో స్మిత్ విశదీకరించాడు.

2.4 పది మస్కెట్ల పరీక్ష

1851 లండన్ మహాప్రదర్శనలో వెర్మాంట్‌కు చెందిన రాబిన్స్ అండ్ లారెన్స్ సంస్థ మార్పిడి భాగాల రైఫిళ్ళను ప్రదర్శించింది. ఆసక్తి పెరిగిన బ్రిటిష్ ప్రభుత్వం యంత్రాల కొనుగోలుకై ఒక బృందాన్ని అమెరికాకు పంపింది. ఆ బృందం స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారంలో 1844 నుంచి 1853 వరకు ఏడాదికొకటి చొప్పున పది మస్కెట్లను ఎంచి, పూర్తిగా విప్పించి, భాగాలను కలిపివేయించింది. పనివాడు స్క్రూడ్రైవర్ తప్ప మరో పనిముట్టు అవసరం లేకుండా వాటిని తిరిగి కూర్చాడు. ఆ యంత్రాలతోనే కొద్ది సంవత్సరాల్లో ఎన్‌ఫీల్డ్ కర్మాగారం రూపు మారింది.

సాంకేతిక చరిత్రలో ఈ పరీక్షకు ఉన్న ఖ్యాతి సముచితమే. అయినా అది అడగని ప్రశ్న ఒకటి ఉంది. తిరిగి కూర్చిన మస్కెట్లు గుండును ఎక్కడికి పంపాయి? ఆ ప్రశ్న తలెత్తే అవకాశమే లేదు. అవి లోపల గాడులు లేని నునుపు బ్యారెల్ మస్కెట్లు. వాటికి సర్దుకోదగిన వెనుక గురిసాధనం లేదు. బారులు తీరిన సేనపైకి పేల్చే ఆయుధానికి జీరో అక్కరలేదు. కాబట్టి 1850ల నాటికి సిద్ధించినది పొందిక మాత్రమే.

3. పొందికకూ గురికీ మధ్య

3.1 వింబుల్డన్ నిదర్శనం

కొలతల సూక్ష్మతకు పేరుపొందిన జోసెఫ్ విట్‌వర్త్ షట్కోణ రంధ్రం గల రైఫిల్‌ను రూపొందించాడు. 1860 జూలై 2న వింబుల్డన్ మైదానంలో నేషనల్ రైఫిల్ అసోసియేషన్ పోటీల ప్రారంభానికి ఆ రైఫిల్‌నే ఎంచుకొన్నారు. దాన్ని ఇనుప పీఠంపై బిగించి, 400 గజాల దూరంలోని లక్ష్యానికి ముందుగానే సరిచేసి ఉంచారు. విక్టోరియా రాణి పట్టుతాడు లాగగా గుండు లక్ష్యం కేంద్రానికి సుమారు అంగుళంపావు దూరంలో తగిలింది. రాణి గురిచూడలేదు. రైఫిల్‌కూ లక్ష్యానికీ మధ్య సంబంధాన్ని పీఠం కాపాడింది. గురి అనేది ఆయుధంలో కాక, చెదరకుండా నిలిపిన సంబంధంలో ఉందనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అరుదు. ఆ పీఠం నుంచి రైఫిల్‌ను తీసి మళ్ళీ పెట్టి ఉంటే ఫలితం వేరుగా ఉండేది.

3.2 ఎంత సూక్ష్మం?

ఈ సమస్య పరిమాణాన్ని సాధారణ గణితంతో గ్రహించవచ్చు. బ్యారెల్ వెనుక భాగం రిసీవర్‌లో, అంటే రైఫిల్ నడిమి లోహపు పెట్టెలో, 50 మిల్లీమీటర్ల పొడవున ఆనుకొని ఉందనుకొందాం. తిరిగి బిగించినప్పుడు ఆ ఆనికలో ఒక చివర కేవలం 0.005 మిల్లీమీటరు పక్కకు జరిగితే, బ్యారెల్ దిశ పదివేలలో ఒక వంతు మారుతుంది. అంటే 100 మీటర్ల వద్ద ఒక సెంటీమీటరు, 1000 మీటర్ల వద్ద పది సెంటీమీటర్లు. తలవెంట్రుక మందం సుమారు 0.07 మిల్లీమీటరు అనుకొంటే, అందులో పద్నాలుగో వంతు కదలిక చాలు. మస్కెట్ భాగాల పొందికకు ఇంత సూక్ష్మత అవసరం లేదు. గురి పునరాగమనానికి ఇది తప్పనిసరి.

దీనికి తోడు హెడ్‌స్పేస్ సమస్య ఉంది. తూటాను వెనుక నుంచి మూసే బోల్ట్‌కూ, బ్యారెల్‌లో తూటా ఆనే చోటుకూ మధ్య దూరాన్ని హెడ్‌స్పేస్ అంటారు. అది మితిమీరితే తూటా గుల్ల చీలి ప్రమాదం సంభవిస్తుంది. అందువల్ల మరతో బిగించే బ్యారెల్‌ను మార్చడం ఆయుధశాల నిపుణుడి పనిగానే మిగిలింది. బ్రిటిష్ నంబర్ 4 లీ–ఎన్‌ఫీల్డ్‌కు బోల్ట్ తలలను 0 నుంచి 3 వరకు నాలుగు పరిమాణాల్లో సిద్ధంగా ఉంచేవారు. హెడ్‌స్పేస్ సరిపోయే దాకా ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూసేవారు. అదే రైఫిల్‌కు ముందు గురిపుల్లలు కూడా వేర్వేరు ఎత్తుల్లో ఉండేవి. ఒక్కొక్క రైఫిల్‌నూ పేల్చి చూసి తగినదాన్ని అమర్చేవారు. భాగాలు మార్చుకోదగినవే అయినా గురి మాత్రం ఆ రైఫిల్‌ సొంతమే.

3.3 సంఖ్యలు చెక్కిన రైఫిల్

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఇదే రైఫిల్‌కు టెలిస్కోప్ అమర్చి ‘నంబర్ 4 (టి)’ అనే స్నైపర్ రూపాన్ని సిద్ధం చేశారు. లక్షల సంఖ్యలో ఒకే మూసగా తయారైన రైఫిళ్ళ నుంచి బాగా గురి చూపినవాటిని ఏరి హాలండ్ అండ్ హాలండ్ సంస్థకు పంపితే, అక్కడ టెలిస్కోప్ పట్టును ఒక్కొక్క రైఫిల్‌కు ప్రత్యేకంగా పొందించేవారు. పట్టుపై ఆ రైఫిల్ సంఖ్యను, రైఫిల్ కట్టెపై ఆ టెలిస్కోప్ సంఖ్యను చెక్కేవారు. టెలిస్కోప్‌ను విప్పి ప్రత్యేక పెట్టెలో మోసుకెళ్ళి తిరిగి బిగించుకోవచ్చు, కాని దాని జోడు రైఫిల్‌కే. మార్పిడి భాగాల పద్ధతి పరాకాష్ఠకు చేరిన కాలంలోనే సునిశితత్వం కోసం పాత పద్ధతికి, అంటే ‘దీనికి ఇదే జోడు’ అనే స్థితికి, తిరిగి రావలసి వచ్చింది. రెండు సమస్యలూ వేరన్న ప్రతిపాదనకు ఇది బలమైన ఆధారం.

4. మెషిన్‌గన్ నేర్పిన పాఠం

బ్యారెల్‌ను రణరంగంలోనే మార్చవలసిన అవసరం రైఫిల్ నుంచి కాక, మెషిన్‌గన్ నుంచి వచ్చింది. నీటితో చల్లబరిచే బరువైన తుపాకుల స్థానంలో గాలితో చల్లబడే తేలిక తుపాకులు వచ్చినప్పుడు, వేడెక్కిన బ్యారెల్‌ను తీసి చల్లనిదాన్ని పెట్టడమే మార్గమయింది. చెకొస్లొవేకియాలోని బర్నోలో రూపొందిన జడ్‌బీ 26 నుంచి పుట్టిన బ్రెన్ గన్ 1930ల చివర బ్రిటిష్ సైన్యంలో ప్రవేశించింది. బర్నో, ఎన్‌ఫీల్డ్ పేర్ల తొలి అక్షరాల కలయికే దాని పేరు. భారత సైన్యం కూడా దాన్ని దశాబ్దాల పాటు వాడింది. ఒక నట్‌ను తిప్పి, మోసే పిడితోనే బ్యారెల్‌ను క్షణాల్లో మార్చవచ్చు.

బ్యారెల్ మారినప్పుడు గురి సంగతి ఏమిటి? దీనికి వేర్వేరు రూపకర్తలు వేర్వేరు సమాధానాలిచ్చారు. బ్రెన్‌లో ముందు గురిపుల్ల బ్యారెల్ మీదనే ఉంటుంది. అందువల్ల గురిసాధనంలో సగం బ్యారెల్‌తోపాటే వస్తుంది. జర్మన్ ఎంజీ 42లో ముందు గురిపుల్ల బ్యారెల్‌పై కాక, దాని చుట్టూ ఉన్న లోహపు తొడుగుపై ఉంటుంది. గురిరేఖ చెదరదు, కాని కొత్త బ్యారెల్ ఆ రేఖకు ఎంత అనుగుణంగా కూర్చుంటుందన్నది తయారీ సూక్ష్మతకు వదిలిన విషయం. అమెరికన్ ఎం60లో ముందు గురిపుల్ల బ్యారెల్‌పైనే ఉన్నా దాన్ని సర్దే వీలు లేదు. బ్యారెల్ మార్చినప్పుడల్లా వెనుక గురిసాధనాన్ని సర్దుకోవలసి వచ్చేది. తర్వాతి ఎం60ఈ3 రూపంలో ఈ లోపాన్ని సవరించారు. బ్రౌనింగ్ ఎం2 భారీ మెషిన్‌గన్‌లో బ్యారెల్ మార్చినప్పుడు హెడ్‌స్పేస్‌ను గేజ్‌తో సరిచూడటం తప్పనిసరిగా ఉండేది. స్థిరమైన హెడ్‌స్పేస్ గల ఎం2ఏ1 రూపం 2010 ప్రాంతంలో గాని రాలేదు.

మెషిన్‌గన్ గుండ్ల వెల్లువతో లక్ష్యాన్ని కమ్ముతుంది. అందువల్ల జీరోలో కొద్దిపాటి తేడాను భరించగలదు. ఒకే గుండుపై ఆధారపడే రైఫిల్‌కు ఆ వెసులుబాటు లేదు. అయినప్పటికీ ఈ ఆయుధాల అనుభవం అసలు ప్రశ్నను స్పష్టం చేసింది. గురిసాధనం ఎక్కడ ఉండాలి? హెడ్‌స్పేస్‌ను ఏ భాగం నిర్ణయించాలి?

5. రెండు మార్గాలు

అమెరికాలో 1958లో వెలువడిన శావేజ్ 110 రైఫిల్‌కు నికొలస్ బ్రూవర్ చేసిన రూపకల్పన హెడ్‌స్పేస్ సమస్యను సులభతరం చేసింది. బ్యారెల్‌ను గేజ్ ఆధారంగా తగినంత లోతుకు మరతిప్పి, పై నుంచి ఒక నట్‌తో బిగించవచ్చు. లేత్‌పై లోహాన్ని చెక్కవలసిన పని తప్పింది. అయితే బ్యారెల్ మార్చిన తర్వాత మళ్ళీ జీరో చూసుకోవడం మాత్రం తప్పలేదు.

జర్మనీలోని బ్లేజర్ సంస్థ 1993లో తెచ్చిన ఆర్93 వేట రైఫిల్ మరొక మార్గం తొక్కింది. అందులో బోల్ట్ తల రిసీవర్‌లో కాక, నేరుగా బ్యారెల్‌లోని గాడిలో విచ్చుకొని బిగుసుకొంటుంది. కాబట్టి హెడ్‌స్పేస్ బ్యారెల్‌తోనే వస్తుంది. టెలిస్కోప్ పట్టు కూడా బ్యారెల్‌పైనే కూర్చుంటుంది. బ్యారెల్‌ను విప్పినప్పుడు దానితోపాటు టెలిస్కోప్ కూడా వస్తుంది. జీరో అనే సంబంధాన్ని తెంచకుండా, సంబంధానికి రెండు కొసలనూ ఒకేచోట కట్టివేయడం ఈ పద్ధతి రహస్యం. యూరప్‌లో ఒకే రైఫిల్‌తో వేర్వేరు జంతువులను వేటాడేవారికి ఇది నచ్చింది.

సైనిక రైఫిళ్ళు రెండవ మార్గాన్ని ఎంచుకొన్నాయి. వాటిలో టెలిస్కోప్ రిసీవర్‌పై స్థిరంగా ఉంటుంది, బ్యారెల్ మాత్రమే మారుతుంది. ఒలింపిక్ స్వర్ణ విజేత మాల్కం కూపర్ భాగస్వామిగా ఇంగ్లండులో ఏర్పడిన ఆక్యురసీ ఇంటర్నేషనల్ సంస్థ రైఫిల్‌ను 1980లలో బ్రిటిష్ సైన్యం ఎల్96ఏ1 పేరుతో స్వీకరించింది. వాతావరణానికి ఉబ్బి వంగే కట్టెకు బదులు లోహపు చట్రం దాని ప్రత్యేకత. కదలని ఆధారం ఏర్పడిన తర్వాతే మార్చదగిన బ్యారెల్ గురించి ఆలోచించే వీలు కలిగిందనుకోవచ్చు. అమెరికా ప్రత్యేక దళాలు 2019లో ఎంచుకొన్న బ్యారెట్ ఎంఆర్‌ఏడీ, అంటే ఎంకే22, ఒకే రైఫిల్‌పై మూడు రకాల తూటాలకు బ్యారెల్ మార్చుకొనే వీలు కల్పిస్తుంది. బోల్ట్ బిగుసుకొనే చోటు బ్యారెల్ కొసకే జోడించి ఉన్నందున హెడ్‌స్పేస్ సమస్య లేదు. బ్యారెల్‌ను నిలిపే స్క్రూలను నిర్ణీత బలానికి ఆగే టార్క్ రెంచ్‌తో బిగిస్తారు.

ఇక్కడ హాల్ సూత్రం మరొక రూపంలో కనిపిస్తుంది. బ్యారెల్ ప్రతిసారీ అవే తలాలపై, అదే లోతున, అదే బిగువుతో ఆనాలి. ఆధారాలు ఎంత తక్కువైతే అంత నమ్మకం. ఒకే బిందువు నుంచి కొలవమన్న 1820ల నాటి పాఠమే, ఒకే తలంపై కూర్చోమన్న నేటి పాఠంగా మారింది. గేజ్ స్థానంలో టార్క్ రెంచ్ వచ్చింది. ఆకురాయి పట్టిన చేతి అంచనాను గేజ్ తొలగిస్తే, స్క్రూ తిప్పే చేతి అంచనాను రెంచ్ తొలగించింది.

6. నిలిచేది ఏమిటి?

‘గురి నిలుస్తుంది’ అనే మాటను రెండు అర్థాల్లో వాడుతున్నారు. వాటిని వేరుచేయకపోతే అపోహ కలుగుతుంది. మొదటిది, అదే బ్యారెల్‌ను తీసి పెట్టినప్పుడు గురి తిరిగి రావడం. ఇది ఆనిక తలాల శుభ్రత, బిగువుల నిలకడలపై ఆధారపడుతుంది. నేటి మంచి రైఫిళ్ళు దీన్ని చాలావరకు సాధించాయి. రెండవది, ఒక బ్యారెల్ స్థానంలో మరొకటి పెట్టినప్పుడు గురి మారకపోవడం. ఇది సాధారణంగా సాధ్యం కాదు. ఏ రెండు బ్యారెళ్ళ రంధ్రాలూ అచ్చంగా ఒకే రేఖలో ఉండవు. పేలినప్పుడు అవి కంపించే తీరు వేరు. తూటా రకం మారితే గుండు వేగం, దాని పతనం కూడా మారుతాయి.

రెండవ సందర్భంలో నిలిచేది గురి కాదు, తేడా. మొదటి బ్యారెల్‌తో పోలిస్తే రెండవది ఎన్ని గీతలు ఎడమకు, ఎన్ని గీతలు కిందికి కొడుతుందో ఒకసారి పేల్చి చూసి రాసుకొంటారు. ఆ తేడా ప్రతిసారీ అంతే ఉంటుందన్న హామీని మాత్రమే యంత్రం ఇవ్వగలదు. మిగిలినది షూటర్ చేతి పుస్తకం పని. అప్పుడైనా వీలున్నచోట ఒకటి రెండు గుండ్లు పేల్చి నిర్ధారించుకోవడమే అనుభవజ్ఞుల ఆచారం.

7. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. మార్పిడి భాగాల ఉద్యమం 1850ల నాటికి సాధించినది పొందికను మాత్రమే. స్ప్రింగ్‌ఫీల్డ్ పరీక్షను గురి పునరాగమనానికి నిదర్శనంగా భావించరాదు.

2. నంబర్ 4 (టి) రైఫిల్ చూపినట్లు, సునిశితత్వం అవసరమైన చోట సామూహిక ఉత్పత్తి సైతం వ్యక్తిగత జోడింపును ఆశ్రయించింది.

3. పరిష్కారం కేవలం మరింత సూక్ష్మమైన యంత్రపనితో రాలేదు. గురిసాధనం, హెడ్‌స్పేస్ ఏ భాగానికి చెందాలన్న పునరాలోచన దానికి తోడ్పడింది. ఇందులో మెషిన్‌గన్ అనుభవం పాత్ర గణనీయం.

4. ఆకురాయి నుంచి గేజ్‌కు, గేజ్ నుంచి టార్క్ రెంచ్‌కు చేతి నేర్పు బదిలీ అవుతూ వచ్చినా, అది పూర్తిగా అదృశ్యం కాలేదు. హార్పర్స్ ఫెర్రీ పనివాడు కోల్పోయిన తీర్పు చెప్పే హక్కులో కొంత భాగం, ఏ బ్యారెల్ ఎంత తేడాతో కొడుతుందో తన పుస్తకంలో రాసుకొనే షూటర్ దగ్గర ఇప్పటికీ మిగిలి ఉంది.